చీఫ్ జస్టిస్ మార్షల్ కంటే ఆ ఆరుగురే గొప్ప

అమెరికా సుప్రీంకోర్టు స్వతంత్రత అనగానే అందరూ రాజ్యాంగానికి విరుద్ధమైన చట్టాన్ని కోర్టు కొట్టేయొచ్చని చెప్పిన 1803 నాటి మార్బరీ తీర్పు గురించే చెబుతారు. నాకు మాత్రం 1805లో సెనేట్‌లో సొంత పార్టీకి ఎదురు ఓటేసిన ఆరుగురే గుర్తొస్తారు.

1800 అధ్యక్ష ఎన్నికలో థామస్ జెఫర్సన్‌కీ, ఆయన పార్టీవాడే అయిన ఆరన్ బర్‌కీ చెరో 73 ఎలక్టోరల్ ఓట్లు పడ్డాయి, పదవిలో ఉన్న జాన్ ఆడమ్స్‌కి 65. విషయం ప్రతినిధుల సభకి వెళ్లింది. అక్కడ రాష్ట్రానికి ఒక ఓటు, 16 రాష్ట్రాల్లో 9 కావాలి, జెఫర్సన్ 8 దగ్గరే ఆగిపోయాడు. 1801 ఫిబ్రవరి 11న మొదలైన ఓటింగ్ 35 సార్లు తెగలేదు. 17వ తేదీన, 36వ సారికి గానీ ఆయన గెలవలేదు. దేశమంతా ఎంత టెన్షన్ పడి ఉంటుందో!

సరిగ్గా ఆ వారంలోనే, 13వ తేదీన, ఓడిపోయిన ఆడమ్స్ 16 కొత్త సర్క్యూట్ జడ్జి పదవుల చట్టంపై సంతకం పెట్టి, దిగిపోయేలోపు వాటిని తనవాళ్లతో నింపాడు. మన సుప్రీంకోర్టు జడ్జీలకి 65 ఏళ్లకి రిటైర్మెంట్ ఉంది, అక్కడ అదీ లేదు. నిజానికి ఆ చట్టం అవసరమే, అప్పటిదాకా సుప్రీంకోర్టు జడ్జీలే ఊరూరా తిరిగి సర్క్యూట్ కోర్టులు నడపాల్సి వచ్చేది. కానీ ప్రజలు వద్దన్నాక జీవితకాల పదవులు పంచడం తప్పే.

జెఫర్సన్ పార్టీ చేసింది ఇంకా పెద్ద తప్పు. 1802లో ఆ చట్టాన్నే రద్దు చేసి జడ్జీలని ఇంటికి పంపింది, పైగా సుప్రీంకోర్టు మరుసటి ఫిబ్రవరి దాకా కూర్చోకుండా తేదీలు మార్చేసింది. కోర్టుకి తాళం వేసినట్టే కదా!

ఇక మార్బరీ కేసు. ఆడమ్స్ సర్కారు చివరి రోజుల్లో విలియం మార్బరీ అనే ఆయన్ని వాషింగ్టన్‌లో జస్టిస్ ఆఫ్ ద పీస్‌గా, అంటే చిన్న కేసులు చూసే స్థానిక మేజిస్ట్రేట్‌గా, నియమించింది, ఉత్తర్వు మాత్రం చేతికి అందలేదు, దానికోసం కోర్టుకెక్కాడు. ఆ ఉత్తర్వు మీద ముద్ర వేసింది అప్పటి విదేశాంగ మంత్రి జాన్ మార్షల్, తర్వాత ఆ కేసు విన్న చీఫ్ జస్టిస్ కూడా ఆయనే. పక్కకి తప్పుకోవాల్సింది, తప్పుకోలేదు. రాజ్యాంగానికి విరుద్ధమైన చట్టం చెల్లదని గొప్ప మాటే చెప్పాడు. కానీ ఆ వెంటనే వచ్చిన మరో కేసులో 1802 రద్దు సరైనదేనని అదే కోర్టు ఒప్పుకుంది, పోయిన ఉద్యోగాలు పోయినట్టే.

ఆ తర్వాత ప్రతినిధుల సభ సుప్రీంకోర్టు జడ్జి శామ్యూల్ చేజ్‌ని తొలగించాలని అభిశంసన పెట్టింది, తీర్పు చెప్పాల్సింది సెనేట్. 34 మంది సెనేటర్లలో 25 మంది జెఫర్సన్ పార్టీవాళ్లే, 23 ఓట్లు చాలు. ఏ అభియోగంపైనా 19 దాటలేదు, అంటే ప్రతిదానిపైనా కనీసం ఆరుగురు సొంత పార్టీకి ఎదురు ఓటేశారు.