ఆ మియాటా ఇంజన్ మెసేజ్‌ని ఇక ఫార్వర్డ్ చెయ్యకండి

"పాత మియాటా ఇంజన్ పోయిందా? తుక్కుకి అమ్మకండి, ఇంట్లోనే రెండు రోజుల్లో మార్చుకోండి" అనే మెసేజ్ అమెరికాలోని మన తెలుగు గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. మియాటా అంటే మాజ్డా కంపెనీ చేసే రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు. డాలస్‌లో ఉండే స్నేహితుడు పంపాడు. ఫ్రీమాంట్‌లో ఉండే ఇంకో స్నేహితుడు పంపాడు. చివరికి హైదరాబాద్ నుంచి మా బావమరిది కూడా పంపాడు, "బావా, నీకు ఈ కార్లంటే ఇష్టం కదా" అని. వచ్చిన ప్రతిసారీ పూర్తిగా చదివాను, ఈ మధ్యలో ఎవరైనా సరిదిద్ది ఉంటారేమో అని. ఎవరూ ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

చదవనివాళ్ల కోసం అందులో ఉన్నది చెబుతాను. ఒకటి, జపాన్‌లో 65 వేల కిలోమీటర్లు తిరిగిన ఇంజన్ని చట్టప్రకారం తీసెయ్యాలట, కాబట్టి అక్కడి నుంచి దిగుమతయ్యే ఇంజన్లన్నీ కొత్తవాటితో సమానమట. రెండు, ఏ మియాటా ఇంజనైనా ఏ మియాటాకైనా పడుతుందట. మూడు, జాకీ స్టాండ్లకి (లేపిన కారుని మోసే ఇనుప కాళ్లకి) డబ్బు తగలెయ్యక్కర్లేదు, నాలుగు సిమెంట్ హాలో బ్లాకులు చాలట. నాలుగు, ఏసీ పైపు కొంచెం వదులు చేస్తే గ్యాస్ దానంతటదే పోతుందట. అయిదు, నడిచే ఇంజన్ని కెలక్కుండా వచ్చింది వచ్చినట్టు బిగించెయ్యాలట. ఆరు, శని ఆదివారాలు సరిపోతాయట. ఏడు, కాగితాల గొడవే లేదట.

నేను మూడోదానితో మొదలుపెడతాను. మిగతావి నమ్మితే డబ్బు పోతుంది. ఇది నమ్మితే ప్రాణం పోతుంది.

హాలో బ్లాక్‌ని తయారు చేసింది గోడ కట్టడానికి. గోడలో పైబరువు బ్లాక్ మీద సమానంగా పరుచుకుని పడుతుంది. కారు కింద పెట్టినప్పుడు ఆ బరువంతా సన్నటి రేకు అంచు మీదుగా ఒక గీత మీద పడుతుంది. ఇనుమైతే వంగుతుంది, వంగుతున్నట్టు కంటికి కనిపిస్తుంది, పక్కకి జరగడానికి కొంత వ్యవధైనా ఉంటుంది. సిమెంట్ వంగదు. అప్పటిదాకా బాగానే ఉండి, ఒక్కసారిగా పొడైపోతుంది. పైగా ఆ మెసేజ్‌తో వచ్చిన ఫొటో చూడండి. బ్లాకుల్ని అడ్డంగా పడుకోబెట్టారు, రంధ్రాలు పక్కకి ఉన్నాయి. ఆ బ్లాక్ అసలే బలహీనంగా ఉండేది ఆ వైపే.

"నా పాత కారుని ఆయిల్ మార్చడానికి అలాగే పెట్టాను, ఏమీ కాలేదు" అని గ్రూపులో ఒకాయన రాశారు. ఆయిల్ మార్చడం వేరు, ఇంజన్ దించడం వేరండీ. ఇంజన్ దించేటప్పుడు కారు నిశ్చలంగా ఉండదు. పాతికేళ్లు తుప్పు పట్టిన ఎగ్జాస్ట్ బోల్టు ఊడకపోతే రెంచ్‌కి పొడవాటి పైపు తగిలించి బలమంతా పెట్టి లాగుతాం. గేర్‌బాక్స్‌ని అటూ ఇటూ ఊపుతాం. మియాటాలో ఇంకో సంగతి ఉంది. గేర్‌బాక్స్‌ని వెనకాల డిఫరెన్షియల్‌తో (వెనక చక్రాలకి శక్తి పంచే గేర్ల పెట్టెతో) కలుపుతూ పొడవాటి అల్యూమినియం ఫ్రేమ్ ఒకటి ఉంటుంది. దాని బోల్టులు విప్పాలంటే నడుము దాకా కాదు, ఛాతీ, తల మొత్తం కారు కిందికి వెళ్లాలి. అంటే సుమారు టన్ను బరువున్న కారు కింద పడుకుని, ఆ కారునే బలంగా గుంజుతాం. ఆ సమయంలో దాన్ని మోస్తున్నది గోడ ఇటుకలా?

ఇంకొకాయన "మన ఊళ్లో మెకానిక్కులు రాళ్లూ దిమ్మలూ పెట్టే చేస్తారు" అన్నారు. చేస్తారు. బండి మీద పడి చచ్చిపోయినవాళ్లు కూడా మన ఊళ్లలోనే ఉన్నారు. ఆ కుటుంబాల్లో ఎవరి దగ్గరికైనా వెళ్లి ఈ మాట అనగలరా?

స్టాండ్లు కొనేస్తే పని అయిపోయినట్టు కూడా కాదు. 2020లో పనిముట్లు అమ్మే హార్బర్ ఫ్రైట్ కంపెనీ తన పిట్స్‌బర్గ్ బ్రాండ్ 3 టన్నుల, 6 టన్నుల స్టాండ్లను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. బరువు కదిలినప్పుడు పళ్లు పట్టు తప్పి స్టాండ్ దిగిపోయే ప్రమాదం ఉందని. వాటి బదులు ఇచ్చినవాటిలో కూడా కొన్నింట్లో వెల్డింగ్ లోపం బయటపడి అదే ఏడాది మళ్లీ వెనక్కి పిలిచారు. కాబట్టి ఎవరి గరాజ్‌లోంచైనా పాత స్టాండ్లు తెచ్చుకుంటే వాటి ఐటమ్ నంబర్ చూసుకోండి.

నేల గట్టిగా, సమంగా ఉండాలి. టెక్సస్ ఎండల్లో తారు డ్రైవ్‌వే మెత్తబడి స్టాండ్ కాళ్లు దిగబడతాయి, కింద మందపాటి ప్లైవుడ్ వెయ్యండి. ముందుభాగం క్రాస్‌మెంబర్ (ముందు చక్రాల మధ్య అడ్డంగా ఉండే దూలం) దగ్గర, వెనకభాగం డిఫరెన్షియల్ దగ్గర జాకీతో లేపి, స్టాండ్లని సిల్ (తలుపుల కింది అంచు) కింద కంపెనీ గుర్తు పెట్టిన చోటే పెట్టాలి. హ్యాండ్‌బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే. అవి గాల్లోకి లేస్తే ఇక హ్యాండ్‌బ్రేక్ ఉన్నా లేనట్టే. అందుకే ముందు చక్రాలకి రెండు వైపులా అడ్డు పెట్టాలి. కారు స్టాండ్ల మీద కూర్చున్నాక, కిందికి దూరకముందే, రెండు చేతులతో గట్టిగా ఊపి చూడాలి. ఊడదీసిన చక్రాలని సిల్ కింద పడుకోబెట్టాలి. స్టాండ్ తప్పినా కారు చక్రం మీద ఆగుతుంది. హైడ్రాలిక్ జాకీ ఎత్తడానికే, నిలబెట్టడానికి కాదు. లోపల సీల్ ఒకటి పోతే చాలు, అది దిగిపోతుంది.

ఇంజన్ క్రేన్ విషయం ఆ మెసేజ్‌లో అసలు లేనే లేదు. 2 టన్నుల క్రేన్ అని రాసి ఉంటే ఆ 2 టన్నులు చెయ్యి పూర్తిగా ముడిచి ఉన్నప్పుడే. చెయ్యి చివరి దాకా చాపితే చాలా క్రేన్లు అరటన్నుకే పనికొస్తాయి. మియాటాలో ఇంజన్, గేర్‌బాక్స్ కలిపి పైనుంచి తీస్తాం కాబట్టి చెయ్యి బాగానే చాపాల్సి వస్తుంది. వేలాడుతున్న ఇంజన్ కింద ఎవరి కాలూ, చెయ్యీ ఉండకూడదు. చిన్నపిల్లలు ఉన్న ఇల్లయితే ఆ పూట గరాజ్ తలుపు వేసెయ్యండి.

ఇప్పుడు జపాన్ కథ. అక్కడ అలాంటి చట్టం లేదు. ఉన్నది షాకెన్ అనే తనిఖీ. కొత్త కారుకి మొదట మూడేళ్లకి, తర్వాత రెండేళ్లకోసారి చేయించుకోవాలి, ఖర్చు ఎక్కువ. 13 ఏళ్లు దాటిన పెట్రోలు కార్లకి పన్ను కూడా పెరుగుతుంది. అందుకని చాలామంది పాత కారుని వదిలించుకుంటారు. ఇంజన్లు బయటికి వచ్చేది అలా. అందులో కిలోమీటర్ల పరిమితి ఎక్కడుంది? ఓడోమీటర్ ఉండేది డాష్‌బోర్డులో, ఇంజన్‌లో కాదు. కారుని విడగొట్టి ఇంజన్ని ఓడలో వేశాక అది ఎంత తిరిగిందో చెప్పే ఆధారం ఏదీ దానితో రాదు. అమ్మేవాళ్లు "సుమారు 65 వేలు" అని రాసేది ఆ ఒక్క ఇంజన్ని చూసి కాదు, అన్ని ఇంజన్ల కిందా రాసే వాక్యం అది. దాన్ని నమ్మి డబ్బు కట్టేవాళ్లు, విజయవాడ ఆటోనగర్‌లో పాత ఇంజన్ కొనాల్సి వస్తే ఇలాగే నోటిమాట మీద కొంటారా?

చూడాల్సింది ఇంజన్ని. పాలెట్ మీద పడున్న ఇంజన్‌కి మామూలు కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లో ఒత్తిడి కొలిచే పరీక్ష) సరిగ్గా రాదు, చల్లగా ఉంటుంది, తిప్పడానికి స్టార్టర్ కూడా కావాలి. లీక్‌డౌన్ టెస్ట్ చెయ్యొచ్చు. పిస్టన్‌ని పైకి తెచ్చి ప్లగ్గు రంధ్రంలోంచి గాలి ఎక్కించి, ఎక్కడి నుంచి బయటికి వస్తోందో వినాలి. ఆయిల్ పోసే మూత దగ్గర వస్తే రింగులు, ఇన్‌టేక్‌లోంచి వస్తే వాల్వు. నాలుగు సిలిండర్లలో ఒకటి మిగతావాటికి దూరంగా ఉంటే ఆ ఇంజన్ బోరుకొచ్చిందనో, వాల్వు పోయిందనో అనుకోవాలి. ప్లగ్గు రంధ్రంలోంచి పంపే చిన్న కెమెరాలు ఇప్పుడు చవకే, సిలిండర్ గోడ మీద గీతలు కనిపిస్తాయి. ఆయిల్ ఫిల్టర్ కోసి చూస్తే బేరింగుల తాలూకు రాగిరంగు పొడి ఉందో లేదో తెలుస్తుంది. ఇవి చెయ్యనివ్వని అమ్మకందారు దగ్గర కొనకండి.

ఏ ఇంజనైనా పడుతుందన్న మాట సగం కూడా నిజం కాదు. 1990 మోడల్ నుంచి 1993 దాకా అమెరికాలో అమ్మింది 1.6 లీటర్లది, 1994 నుంచి 1.8, 2001 నుంచి 2005 దాకా వాల్వ్ టైమింగ్ మార్చుకునే 1.8. ఆ చివరి ఇంజన్ని పాత కారులో పెడితే పాత ఈసీయూకి (ఇంజన్ని నడిపే కంప్యూటర్‌కి) దాన్ని నడపడం తెలియదు. 1.6 ఉన్న కారులో 1.8 పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, కానీ ఫ్లైవీల్, క్లచ్, సెన్సార్లు అన్నీ ముందే చూసుకుని పెడతారు. తొలి 1.6 ఇంజన్లలో, 1991 మధ్య దాకా వచ్చినవాటిలో, క్రాంక్ ముక్కు (క్రాంక్ షాఫ్ట్ ముందు కొస) పొట్టిగా ఉంటుంది. పుల్లీ కీ అరిగి టైమింగ్ తప్పడం వాటికి పేరున్న జబ్బు. కింది పుల్లీ మీద నాలుగు గాట్లుంటే పొట్టిది, ఎనిమిది ఉంటే తర్వాతి పొడుగుది. కొనేముందు ఆ గాట్లు లెక్కపెట్టడానికి నిమిషం కూడా పట్టదు.

ఏసీ గ్యాస్‌ని గాల్లోకి వదలడం అమెరికాలో చట్టవిరుద్ధం, చేతికీ కంటికీ ప్రమాదం, పైగా ఈ పనికి అవసరమే లేదు. కంప్రెసర్ బోల్టులు విప్పి, పైపులు ముట్టుకోకుండా, దాన్ని పక్కకి జరిపి తీగతో కట్టెయ్యండి. పవర్ స్టీరింగ్ పంపు కూడా అంతే.

కెలక్కుండా బిగించెయ్యమన్న అయిదో మాట చదివినప్పుడు మొదట కోపం వచ్చింది. ఆలోచిస్తే అందులో సగం ఒప్పుకోవాలనిపిస్తోంది. లీక్‌డౌన్ బాగా వచ్చిన ఇంజన్ని ఇంటి గరాజ్‌లో కిందిభాగం విప్పి బేరింగులు మార్చే పని పెట్టుకోకండి. కంపెనీ బిగించినంత శుభ్రంగా మనం బిగించలేం. ఇంకా చెప్పాలంటే, కారుని తుక్కుకి అమ్మకుండా ఇంజన్ మార్చుకోమని ఆ మెసేజ్ రాసినవారు అనడం సరైనదే, ఈ కారుకి ఇంజన్ రీబిల్డ్ (పూర్తిగా విప్పి బాగుచెయ్యడం) కన్నా మంచి సెకండ్ హ్యాండ్ ఇంజనే తెలివైన దారి. "ఈ కారు పని అయిపోయింది" అని షాపువాళ్లు తేల్చేసిన కార్లు ఇలా మళ్లీ రోడ్డెక్కాయి.

కానీ ఆయిల్ కారకుండా ఆపే బయటి సీళ్ల సంగతి వేరు. ఇంజన్ స్టాండ్ మీద ఉన్నప్పుడు వెనక మెయిన్ సీల్ మార్చడం తేలిక. కారులోకి వెళ్లాక అదే సీల్ కోసం గేర్‌బాక్స్ దించాలి. టైమింగ్ బెల్ట్, దానితోపాటే వాటర్ పంపు, ముందు క్రాంక్ సీల్, క్యామ్ సీళ్లు, క్లచ్, పైలట్ బేరింగ్, ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ సీట్లకీ మధ్య గోడ) వైపు హీటర్ గొట్టాలు ఇప్పుడే మార్చండి. హెడ్ వెనకాల క్యామ్ యాంగిల్ సెన్సార్‌కి చిన్న ఓ-రింగ్ (రబ్బరు రింగు) ఒకటి ఉంటుంది. చాలా మియాటాల్లో బెల్‌హౌసింగ్ (గేర్‌బాక్స్ ముందుభాగం) మీదికి కారే ఆయిల్ అక్కడిదే, జనం మాత్రం మెయిన్ సీల్ పోయిందనుకుంటారు. బెల్ట్ గడువు 60 వేల మైళ్లు. 1.6లో అది తెగినా వాల్వులు పిస్టన్లకి తగలవు, ఇంజన్ బతుకుతుంది. కానీ ఫ్రీవే మధ్య లేన్‌లో ఆగిపోయిన కారులో కూర్చున్నవాళ్ల సంగతేంటి?

మొదటిసారి స్టార్ట్ చేసేముందు ప్లగ్గులు తీసి, స్పార్క్ రాకుండా ఇగ్నిషన్ కనెక్షన్ తీసి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా స్టార్టర్‌తో కొద్దికొద్దిగా తిప్పండి. 1994 దాకా వచ్చిన కార్లలో గేజ్ నిజమైన ప్రెషర్ చూపిస్తుంది. 1995 నుంచి ఆ ముల్లు ప్రెషర్ ఉందా లేదా అనే చెబుతుంది, ఎంతో చెప్పదు. ఆ కార్లకి విడిగా గేజ్ తగిలించి చూడండి.

రెండు రోజులా? పాత ఇంజన్ని బయటికి తీయడానికి రెండు రోజులు చాలు. మిగతాది విరిగిన బోల్టుల్ని బట్టి ఉంటుంది. సోమవారం ఆఫీసుకి వెళ్లడానికి ఉన్నది ఆ ఒక్క కారే అయితే ఈ పని మొదలుపెట్టకండి.

కాగితాల మాట ఊరిని బట్టి ఉంటుంది. టెక్సస్‌లో 24 ఏళ్లు దాటిన కారుకి ఎమిషన్ (పొగ) టెస్ట్ లేదు, మామూలు కార్లకి సేఫ్టీ తనిఖీ కూడా 2025 జనవరి నుంచి తీసేశారు. కాబట్టి మా డాలస్ స్నేహితుడికి ఇబ్బంది లేదు. కాలిఫోర్నియాలో 1976 మోడల్ నుంచి వచ్చిన పాత పెట్రోలు కార్లన్నింటికీ స్మాగ్ (పొగ) టెస్ట్ ఉంది. మార్చిన ఇంజన్ కారు మోడల్ ఏడాదిదో, తర్వాతిదో అయ్యుండాలి, దాని ఎమిషన్ భాగాలన్నీ ఉండాలి. ఫ్రీమాంట్ స్నేహితుడు డబ్బు కట్టకముందే అక్కడి స్మాగ్ రెఫరీ (ఇంజన్ మార్చిన కార్లని పరీక్షించే అధికారిక కేంద్రం) నిబంధనలు చదువుకోవాలి.

హైదరాబాద్‌లో ఉన్న మా బావమరిదికి మియాటా లేదు, మాజ్డా ఆ కారుని మన దేశంలో అమ్మనే లేదు. అతను ఈ మెసేజ్ చదివి తన పాత సెడాన్‌కి ఇంజన్ మార్చాలనుకుంటున్నాడు. అతనికి నేను చెప్పేది ఇది: ఆర్సీలో ఇంజన్ నంబర్ ఉంటుందిరా. ఆర్టీఓ అనుమతి తీసుకుని కొత్త నంబర్ ఆర్సీలో ఎక్కించుకోకపోతే బండి అమ్మేటప్పుడూ పేచీయే, ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గరా పేచీయే. పాత ఇంజన్ ఎవరి బండిదో, అమ్మేవాడి దగ్గర బిల్లుందో లేదో చూడు. దొంగబండి ఇంజన్ అయితే స్టేషన్ చుట్టూ తిరగాల్సింది నువ్వే. నంబర్ ఫొటో తీసి నాకు పంపు, ఆ తర్వాతే అడ్వాన్స్ ఇవ్వు.