ఆందోళనను కొలిచే ప్రశ్నావళి గారికి

మహారాజశ్రీ విదేశీ భాషా తరగతి ఆందోళన మాపకం గారికి నమస్కరించి రాయునది.

1986లో అమెరికాలో హోర్విట్జ్, హోర్విట్జ్, కోప్ అనే ముగ్గురు పరిశోధకుల చేతుల మీదుగా పుట్టిన తమరికి మా ఊళ్లో పీహెచ్‌డీల మూడో అధ్యాయం, అంటే పరిశోధన పద్ధతి చెప్పేది, అత్తారిల్లయింది. 33 వాక్యాలు, ఒక్కోదానికి 1 (అస్సలు ఒప్పుకోను) నుంచి 5 (పూర్తిగా ఒప్పుకుంటా) మార్కులు. కనిష్ఠం 33, గరిష్ఠం 165.

అమీర్‌పేట స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో తమరి దర్శనం ఇలా ఉంటుంది. గంట ముగుస్తుందనగా సారే కాగితాలు పంచుతారు, పైన పేరు రాయమంటారు, ఆయనే వసూలు చేసుకుంటారు. లేపి అడుగుతారేమోనని వణుకు పుడుతుందా అంటే ఆ సారు ముందు నిజం రాసేదెవరు? మాట్లాడ్డానికి జంకు, పరీక్ష భయం, ఎదుటివాళ్లు ఏమనుకుంటారోనన్న బెరుకు తమరి మూడు మూలస్తంభాలు. ఆ మూడోదానితోనే పిల్లలు తమర్ని నింపుతున్నారు. పైగా ఇంగ్లిష్ అంటే భయమా అని ఇంగ్లిష్‌లోనే అడుగుతారు!

బస్సు తొందరున్నవాడు అన్నిటికీ 3 పెడతాడు. మొత్తం 99, 'మధ్యస్థ ఆందోళన'. మొహమాటస్థుడు అన్నిటికీ 5 పెడతాడు. తమరిలో 9 వాక్యాలు ధైర్యం గురించినవి, వాటి మార్కును 6లోంచి తీసేయాలి. తీసేస్తే అతనికి 129, మరిచిపోతే 165. మరిచిపోతే ఆల్ఫా (వాక్యాలన్నీ ఒకే సంగతిని కొలుస్తున్నాయా అని చెప్పే అంకె) కూడా పడిపోతుంది, నింద మాత్రం 'శ్రద్ధ లేని విద్యార్థుల' మీద పడుతుంది. భయానికీ 5, ధైర్యానికీ 5 పెట్టిన కాగితాన్ని పక్కన పెట్టాలన్న ఇంగితం గైడ్లకైనా ఉండొద్దూ?

మార్కులు తక్కువవాళ్లకి స్కోరు ఎక్కువొస్తే, భయమే ముంచిందని తీర్పు. స్పార్క్స్, గాన్‌షావ్ అనే పరిశోధకులు 1990ల్లోనే అడ్డం తిరిగారు: సొంత భాషలో ధ్వనులు, అక్షరాలు పట్టుకోవడంలోనే ఇబ్బంది ఉంటే కొత్త భాష ఒంటబట్టదు, ఒంటబట్టకే భయం అని. ఏది ముందో తమరి ఒక్కపూట దర్శనంతో తేలదు. మాకింటైర్ అనే పరిశోధకుడి బృందం మాట్లాడేవాళ్లని వీడియో తీసి, వెంటనే చూపించి, క్షణక్షణం ఆందోళన ఎంతుందో వాళ్లచేతే గుర్తింపజేస్తుంది. ఎక్కడ నోరు ఎండిందో దొరుకుతుంది. తమరేమో సెమిస్టరంతటికీ ఒకే అంకె.

కాబట్టి మనవి. పేరు బదులు కోడ్ నంబరు వేయించండి. సారు కాక వేరొకరు పంచాలి. తెలుగు ప్రతి రాయించి, మూలం చూడనివారితో తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్పించి, కొద్దిమంది మీద ముందు పరీక్షించాలి. తమరి వాక్యాలు దాదాపు అన్నీ క్లాసురూము చుట్టూనే. హైటెక్ సిటీలో క్లయింటు కాల్‌లో మ్యూట్ తీయడానికి జంకేవాళ్ల కోసం వేరే వాక్యాలు రాసుకోవాల్సిందే. వాళ్ల దగ్గరికి మాత్రం తమరు బయల్దేరకండి.

ఇట్లు,
కాగితాలు లెక్కేసే విధేయులు