క్యాన్సర్ పిల్లలకు నిజం చెప్పడం కూడా ఒక ఉద్యోగమే

అల్లరి చేస్తే సూది వేయిస్తా! ఈ బెదిరింపు వినకుండా పెరిగిన తెలుగు పిల్లలు తక్కువ. అన్నం తినకపోయినా, పడుకోకపోయినా మన ఇళ్లలో డాక్టరే బూచాడు. అలా పెరిగిన ఐదేళ్ల పాపకు ఎప్పుడో జ్వరం పట్టుకుని వదలదు, ఒంటి మీద కమిలిన మచ్చలు కనిపిస్తాయి, రక్తపరీక్షలో బ్లడ్ క్యాన్సర్ అని తేలుతుంది. ఇక ఎక్కడ చూసినా సూదులే. నేనేదో తప్పు చేశాను, అందుకే పొడుస్తున్నారు అని ఆ పాప లెక్క వేసుకుంటుంది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు జబ్బును శిక్ష అనుకోవడం మామూలే. మరి ఆ తప్పుడు లెక్కను సరిచేసేదెవరు? డాక్టరుకు బయట ఓపీ క్యూ ఉంది. నర్సుకు ఇంకా పది మందికి సెలైన్లు మార్చే పని ఉంది. తల్లికి తన ఏడుపు ఆపుకోవడమే చాతకావడం లేదు.

అమెరికా, కెనడాల్లోని పెద్ద పిల్లల ఆసుపత్రుల్లో ఈ పనికంటూ ఒక మనిషి ఉంటారు. ఆ ఉద్యోగం పేరు చైల్డ్ లైఫ్ స్పెషలిస్ట్. వాళ్లు మందు ఇవ్వరు, సూది పట్టుకోరు. డిగ్రీ చదివి, ఆసుపత్రిలో 600 గంటల ఇంటర్న్‌షిప్ చేసి, పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకుంటారు. దీనికి పునాది వేసినవాళ్లలో ముఖ్యురాలు ఎమ్మా ప్లాంక్. వియన్నాలో మాంటిస్సోరి టీచరుగా తయారై, నాజీల కాలంలో అమెరికా చేరిన ఆమెను 1955లో క్లీవ్‌లాండ్ సిటీ ఆసుపత్రికి పిలిచింది ఫ్రెడరిక్ రాబిన్స్. పోలియో వైరస్ పరిశోధనకు అంతకు ముందు ఏడాదే నోబెల్ అందుకున్న డాక్టరు ఆయన. వైరస్‌ను ప్రయోగశాలలో పెంచిన మనిషికి, వార్డులో నెలల తరబడి మంచానికి అతుక్కుపోయిన పిల్లల మనసు కూడా వైద్యంలో భాగమేనని తోచడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

బయటినుంచి చూస్తే వాళ్ల పని బొమ్మలాట. దగ్గరికెళ్తే అందులోని క్రమం తెలుస్తుంది. బొమ్మ ఛాతీలో నిజం పోర్టే, అంటే మందు ఎక్కించడానికి చర్మం కింద పెట్టే చిన్న పరికరమే, అమర్చి ఉంటుంది. పాపే చేతితొడుగులు వేసుకుని, దాన్ని దూదితో తుడిచి, సిరంజి గుచ్చుతుంది. నీ ఒంట్లో కూడా ఇదే ఉంది, ప్రతిసారీ చేతిలో నరం వెతక్కుండా మందు ఇందులోంచి వెళ్తుంది అని అప్పుడు చెబుతారు. నువ్వు చేసిన పని వల్ల ఈ జబ్బు రాలేదు, నీ తమ్ముడికి అంటుకోదు అని కూడా చెబుతారు. ఆ రెండో మాట ఇంట్లో ఉన్న తమ్ముడికీ వినిపించాలి. వాడి భయం వాడిది.

మనం చెప్పేదేమిటి? చీమ కుట్టినట్టే ఉంటుంది కన్నా, ఏం కాదు. సూది దిగగానే అబద్ధం బయటపడుతుంది. రేపు మందు చేదుగా ఉండదన్నా, ఎల్లుండి అమ్మ బయటే ఉంటుందన్నా ఆ పిల్లాడు నమ్మడు. పిల్లల్లో ఎక్కువగా కనిపించే రకం బ్లడ్ క్యాన్సర్‌కు చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది. మొదటి వారంలోనే నమ్మకం పోతే మిగతా కాలమంతా చేతులూ కాళ్లూ అదిమిపట్టి చికిత్స నడిపించాల్సిందే. చైల్డ్ లైఫ్ వాళ్ల పద్ధతి వేరు. గంట ముందు క్రీము రాస్తాం, అక్కడ మొద్దుబారుతుంది, నొక్కినట్టుంటుంది, కొందరికి నొప్పి కూడా పుడుతుంది, నీకెలా ఉందో తర్వాత నువ్వే చెప్పాలి అంటారు. వేయించుకుంటావా అని మాత్రం అడగరు. వద్దంటే ఆపలేని చోట అలా అడగడం ఇంకో మోసం. ఏ చేతికి, పడుకునా అమ్మ ఒళ్లో కూర్చునా అని అడుగుతారు. తల్లి గుండెకు ఆనుకుని కూర్చున్న పిల్లకూ, నలుగురు కలిసి బల్లకు అదిమిపట్టిన పిల్లకూ గుచ్చేది అదే సూది. ఇంటికి వెళ్లాక మిగిలే జ్ఞాపకం మాత్రం ఒకటి కాదు.

రేడియేషన్ గది సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మెదడులో గడ్డ ఉన్న పిల్లల్లో చాలామందికి వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాల దాకా రేడియేషన్ ఉంటుంది. తల అణువంత కదలకూడదు. అందుకని జల్లెడలాంటి ప్లాస్టిక్ పలకను వేడినీళ్లలో మెత్తబరిచి ముఖం మీద పరిచి అచ్చు తీస్తారు. ఆ ముసుగును బల్లకు బిగించాక అందరూ బయటికి వెళ్లిపోతారు. గదిలో పిల్లాడొక్కడే. పెద్దవాళ్లకే ఊపిరాడనట్టుంటుంది. చిన్నపిల్లలకైతే చాలాచోట్ల రోజూ మత్తు ఇస్తారు. అంటే రోజూ ఖాళీ కడుపు, రోజూ మత్తు డాక్టరు, తేరుకునేదాకా రోజూ కొన్ని గంటల కాపలా. అసలే బరువు తగ్గిపోతున్న పిల్లాడికి పొద్దున్న టిఫిను కూడా ఉండదు.

చైల్డ్ లైఫ్ స్పెషలిస్ట్ అచ్చు తీసే రోజుకు ముందే పని మొదలుపెడతారు. వెచ్చటి ముక్కను మొదట పిల్లాడి చేతి మీద పరుస్తారు, తర్వాత బొమ్మ ముఖానికి. ముసుగు మీద వాడికిష్టమైన హీరో బొమ్మ గీస్తారు. కదలకుండా పడుకోవడం ఆటగా సాధన చేయిస్తారు. స్పీకర్లో తల్లి గొంతు వినిపించే ఏర్పాటు చూస్తారు. కొన్నిచోట్ల పొడవాటి దారం ఇస్తారు: ఒక కొస లోపల పిల్లాడి పిడికిట్లో, రెండో కొస తలుపు అవతల తల్లి చేతిలో. ఆమె కాస్త లాగితే చాలు, అమ్మ ఉందని వాడికి తెలుస్తుంది. ఇలా సిద్ధం చేస్తే మత్తు లేకుండానే చికిత్స పూర్తిచేసే పిల్లలు చాలామంది ఉంటారు.

కొన్ని నిజాలు ఇంతకంటే కష్టం. స్వీడన్‌లో క్యాన్సర్‌తో బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులపై జరిగిన ఒక అధ్యయనం 2004లో వెలువడింది. బిడ్డతో చావు గురించి మాట్లాడినవాళ్లు 147 మంది. ఎందుకు మాట్లాడామా అని బాధపడినవాళ్లు వాళ్లలో ఒక్కరూ లేరు. మాట్లాడని 258 మందిలో 69 మంది మాత్రం, మాట్లాడి ఉంటే బాగుండేదని బాధపడ్డారు. మన ఇళ్లలో ఆ మాట నోటికి రాకూడని అపశకునం. అందుకే ఆ తల్లి పక్కన కూర్చుని, పిల్ల అడిగితే ఏం చెప్పాలో ముందుగా మాట్లాడి పెట్టే మనిషి మనకు ఇంకా ఎక్కువ అవసరం.

మందులకే దిక్కులేని చోట ఈ ముచ్చట్లేమిటని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాని ప్రకారం సంపన్న దేశాల్లో క్యాన్సర్ పిల్లల్లో 80 శాతానికి పైగా నయమవుతుంటే, చాలా పేద, మధ్యాదాయ దేశాల్లో 30 శాతం కూడా దాటడం లేదు. చికిత్స మధ్యలో వదిలేయడం అందుకు ఒక పెద్ద కారణం. డబ్బు, దూరం ఎలాగూ ఉన్నాయి. ఆసుపత్రి పేరెత్తితేనే గుక్కపట్టి ఏడ్చే పిల్లాడిని ఆదిలాబాద్ నుంచి మళ్లీ బస్సెక్కించాల్సిన తండ్రి నిస్సత్తువ కూడా అందులో ఉంటుందని నా నమ్మకం.

డబ్బు చిక్కు అమెరికాలోనూ ఉంది. ఈ సేవకు బీమా కంపెనీలు సాధారణంగా విడిగా బిల్లు కట్టవు. ఆసుపత్రి సొంత బడ్జెట్టో దాతల విరాళాలో దిక్కు. ఇది పిల్లల వైద్యంలో తప్పనిసరి భాగమని అక్కడి పిల్లల డాక్టర్ల అకాడమీ ఎప్పుడో తేల్చింది. మన దగ్గర స్వచ్ఛంద సంస్థలు ఆటగదులు నడుపుతున్నాయి, వాళ్లకు దండం పెట్టాలి. కానీ దాతల దయ మీద నడిచేది దయ ఉన్నన్నాళ్లే నడుస్తుంది. 2007లో ఆరోగ్యశ్రీ తెచ్చినప్పుడు, కాగితాల దగ్గర పేదవాడు తికమకపడతాడని ఆరోగ్యమిత్ర అనే కొత్త ఉద్యోగాన్నే సృష్టించారు. కాగితాల కోసం అంత ఆలోచించిన ప్రభుత్వాలు పిల్లాడి భయం కోసం ఒక పోస్టు ఇవ్వలేవా? సోషల్ వర్క్, సైకాలజీ చదివినవాళ్లు, పిల్లల వార్డుల్లో ఆరితేరిన నర్సులు మనకున్నారు. శ్రీకాకుళం పిల్లతో ఆ యాసలో, గోండు పిల్లతో గోండీలో మాట్లాడగలిగినవాళ్లను వెతికి శిక్షణ ఇవ్వాలి.

హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలోనో, విశాఖ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోనో మొదటి పోస్టును రేడియేషన్ విభాగంలోనే వేయాలంటాను. అక్కడ ఫలితం కంటికి కనబడుతుంది. ఆ మనిషి రాకముందు ఆరు నెలల్లో ఎంతమంది పిల్లలకు మత్తు ఇచ్చారో, వచ్చాక ఎంతమందికి ఇచ్చారో రిజిస్టరు తీసి చూస్తే చాలు. జీతం దండగో కాదో ఆర్థిక శాఖ అధికారులే లెక్క కట్టుకోవచ్చు.