ఒక్క నిమిషం ఊపిరి లెక్కపెట్టండయ్యా

తిరుపతిలో ఏ పిల్లల ఆసుపత్రి వరండాలోనైనా వినబడే మాటలివే: "మూడు దినాల్నించి రొంప సార్, గొంతులో గరగరమంటా ఉంది, నెమ్ము చేసినట్టుంది." జ్వరం ఎంతో చెబుతారు. దగ్గు పొడిదో తెమడదో చెబుతారు. బిడ్డకు ఐస్‌క్రీం ఎవరు కొనిచ్చారో కూడా చెబుతారు. బిడ్డ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తా ఉందో మాత్రం ఎవరూ చెప్పరు. చాలాచోట్ల అడిగేవాళ్ళూ లేరు, నా కడుపుమంట అదే.

గరగర నెమ్ము కాదు. అది ముక్కులోనో గొంతులోనో ఉన్న చీమిడి చప్పుడు. నెమ్ము, అంటే న్యుమోనియా, ఇంకా లోపల ఉంటుంది. ఊపిరితిత్తుల చివర ఉండే సన్నని గాలి తిత్తుల్లోకి చీమూ నీరూ చేరుతాయి. అక్కడ గాలి ఆడకపోతే రక్తానికి ఆక్సిజన్ చాలదు. ఆ లోటు పూడ్చుకోవడానికి ఒళ్ళు చేసే మొదటి పని ఊపిరి వేగం పెంచడం. దగ్గు లేకుండా కూడా నెమ్ము ఉండొచ్చు, ఇల్లెగిరిపోయేంత దగ్గున్నా నెమ్ము లేకపోవచ్చు.

లెక్క ఇదీ. 2 నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60 లేదా అంతకు మించి, 2 నుంచి 12 నెలల లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40. దగ్గో ఆయాసమో ఉన్న బిడ్డలో ఊపిరి ఈ అంకెను చేరిందంటే అదే రోజు డాక్టరు చూడాలి. 2 నెలల లోపు బిడ్డయితే నేరుగా ఆసుపత్రికే.

ఎలా లెక్కపెట్టాలి? పొట్ట కనబడేలా చొక్కా పైకెత్తండి. బిడ్డ ఏడవకూడదు, పాలు తాగుతూ ఉండకూడదు. నిద్రలో ఉంటే మరీ మంచిది. సెల్‌ఫోన్లో టైమర్ పెట్టి పొట్ట పైకి లేచిన ప్రతిసారీ ఒకటి. పూర్తిగా 60 సెకన్లు. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తామంటారు కొందరు. చంటిబిడ్డలు కాసేపు గబగబా తీసి కాసేపు ఆపుతారు, అందుకే ఆ లెక్క తప్పుతుంది. జ్వరం కూడా వేగం పెంచుతుంది కాబట్టి పారాసెటమాల్ వేసి, జ్వరం దిగాక ఇంకోసారి లెక్కపెట్టండి. అప్పుడూ తగ్గలేదంటే అది జ్వరం పని కాదు.

ఆ నిమిషంలోనే ఇంకోటి చూడండి. ఊపిరి లోపలికి పీల్చినప్పుడు ఛాతీ ఉబ్బాలి. దానికి బదులు పక్కటెముకల కింది భాగం లోపలికి గుంటపడుతోందంటే, మనోళ్ళు డొక్కలు ఎగరేయడం అనేది అదే, ఇక తెల్లారేదాకా ఆగే పని లేదు. పాలు తాగలేకపోవడం, లేపినా మత్తుగా ఉండటం, పెదాలు నీలంగా మారడం, ఫిట్స్ రావడం కూడా 108కి ఫోన్ చేయాల్సిన గుర్తులే. వీటికి పొట్టమీద వాతలు పెట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. నెమ్ము తగ్గదు సరికదా, కాలిన పుండొకటి మిగులుతుంది.

ఇక మందు. ఆసుపత్రిలో చేర్చక్కర్లేని నెమ్ముకు పిల్లల్లో మొదటి మందు అమోక్సిసిలిన్. పాతదే, చవకదే, పనిచేసేదే. పూటకు కిలో బరువుకు కనీసం 40 మిల్లీగ్రాములు, రోజుకు రెండు పూటలు. అంటే 10 కిలోల బిడ్డకు పూటకు 400. మందుల షాపులో చేతికిచ్చే 125 సిరప్ ఒక చెంచా అంటే 125 మాత్రమే, మూడో వంతు కంటే కాస్త తక్కువే. క్రిమి చావదు, "ఈ మందు పనిచేయలేదు" అని మూడోరోజు ఇంకో పేరు మొదలు. పైగా వంటింటి చెంచా ఏదీ కచ్చితంగా 5 మిల్లీలీటర్లు పట్టదు. మూతనో సిరంజినో వాడండి. పొడి సిరప్‌లో గీతదాకా నీళ్ళు పోయకుండా అటూ ఇటూగా కలిపినా డోసు పోయినట్టే. డోసు, రోజులు డాక్టరు చెప్పాలి, బరువు తూచాలని మాత్రం మీరు అడగండి. బరువు చూడకుండా రాసే చీటీ నాకు నచ్చదు.

దగ్గు సిరప్ వల్ల నెమ్ము తగ్గదు. స్టెరాయిడ్ సూది వేస్తే జ్వరం దిగి బిడ్డ హుషారవుతుంది, లోపల చీము అలాగే ఉంటుంది. పెద్దలకు లివోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఊరికే మింగించడం ఇంకో తలనొప్పి. అది టీబీని కొన్నాళ్ళు అణిచిపెట్టి, పరీక్షలో దొరకకుండా ఆలస్యం చేస్తుంది. రెండు వారాలు దాటిన దగ్గుకు ముందు తెమడ పరీక్ష, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.

అవ్వా తాతల విషయం వేరే. వాళ్ళకు జ్వరమే రాకపోవచ్చు. నిన్నటిదాకా బాగున్న తాత ఉన్నట్టుండి తికమకగా మాట్లాడినా, అన్నం వద్దన్నా, పడిపోయినా ఊపిరి లెక్కపెట్టండి. నిమిషానికి 30 లేదా అంతకు మించితే తీవ్రం. వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సీమీటర్ ఉంటే చేతులు రుద్ది వెచ్చచేసి, గోళ్ళ రంగు తుడిచి, అంకె నిలబడేదాకా నిమిషం ఆగి చూడండి. మామూలుగా 95 పైన ఉండే మనిషికి 94 కంటే దిగితే ఆసుపత్రి, 90 కంటే దిగితే అంబులెన్స్. పక్షవాతం వచ్చినవాళ్ళకు పడుకోబెట్టి అన్నం పెట్టొద్దు. నిటారుగా కూర్చోబెట్టి చిన్న ముద్దలు పెట్టి, తిన్నాక అరగంట అలాగే ఉంచండి. పొలమారిన అన్నం ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

పసిబిడ్డ ముక్కులో నూనె చుక్కలు వేసే అలవాటు కూడా ఇదే కోవ. నూనెకు దగ్గు రాదు, మెల్లగా జారి లోపల చేరుతుంది. క్రిమి కాదు కాబట్టి దానికి ఏ యాంటీబయాటిక్కూ పనిచేయదు. ఏడుస్తున్న బిడ్డ ముక్కు మూసి ఆముదం పోయడం మరీ ఘోరం.

గుండు కొట్టిస్తే, చన్నీళ్ళు పోస్తే నెమ్ము చేస్తుందంటారు. పసికందులను వెచ్చగా ఉంచాల్సిందే, కాని నెమ్ము తెచ్చేది క్రిములు. న్యుమోకాకల్ టీకా ప్రభుత్వం ఉచితంగానే వేస్తుంది, 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు. 9 నెలల డోసు ఎగ్గొట్టకండి, రక్షణను నిలబెట్టేది అదే. పెంటావాలెంట్, తట్టు టీకా కూడా నెమ్మును ఆపే టీకాలే. 65 దాటినవాళ్ళు, షుగరు, ఆస్తమా ఉన్నవాళ్ళు ఏటా వేయించుకునే ఫ్లూ టీకా గురించి, న్యుమోకాకల్ టీకా గురించి డాక్టర్ని అడగండి.

మన జిల్లాల్లో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లలో, బెల్లం పొయ్యిల దగ్గర పనిచేసేవాళ్ళు ముఖానికి తువ్వాలు చుట్టుకుంటారు. సన్నని రాతి దుమ్మూ, పొగా దాన్ని లెక్కచేయవు. రాయిని నీళ్ళు చిమ్ముతూ కోయాలి, ముఖానికి గట్టిగా అంటుకునే ఎన్95 మాస్కు ఉండాలి. రాతి దుమ్ముతో మచ్చపడిన ఊపిరితిత్తికి టీబీ సులువుగా పడుతుంది. బీడీ గురించి మళ్ళీ చెప్పాలా?

చివరగా మొక్కులవాళ్ళకు. నెమ్ము తగ్గి ఇంటికొచ్చిన వారానికే అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కుతామంటారు. జ్వరం పోయినా ఎక్స్‌రేలో మచ్చ కరగడానికి ఆరు వారాలూ పట్టొచ్చు, నీరసం అంతకంటే ఎక్కువే ఉండొచ్చు. ముందు ఇంటి మేడమెట్లు ఆయాసం లేకుండా, ఆక్సీమీటర్ అంకె దిగకుండా ఎక్కగలగాలి. అప్పటిదాకా సప్తగిరి బస్సు ఉంది కదా.