మా ఊరి బస్ షెల్టర్ శిలాఫలకం గారికి

గౌరవనీయులైన శిలాఫలకం గారూ,

నమస్కారమండీ. ఈ లెటరు షెల్టర్‌కి కాదు, మీకే రాస్తున్నా. ఎందుకంటే ఆ షెల్టర్ రేకులు మొన్న గాలివానకి రెండు లేచిపోయాయి, సిమెంటు బల్ల ఒక పక్కకి ఒరిగింది, మీరు మాత్రం నల్ల గ్రానైట్ మీద బంగారు రంగు అక్షరాలతో పెళ్లికొడుకులా మెరిసిపోతున్నారు. గ్యారంటీగా కట్టింది మిమ్మల్నే అని నా అనుమానం.

బస్సు ఎలాగూ లేటు కదా అని మిమ్మల్ని పైనుంచి కిందదాకా చదివా. మొత్తం పదకొండు పేర్లు. ఎంపీ గారి పేరు గుప్పెడంత అక్షరాలతో, తర్వాత ఎమ్మెల్యే, జెడ్పీటీసీ, ఎంపీపీ, సర్పంచ్, ఆఖర్న ఏఈ గారు చీమ తలకాయంత. 'వారి కరకమలములచే' అని ఉంది, అంచనా విలువ ఉంది, పని పూర్తయిన తేదీ దగ్గర మాత్రం ఖాళీ. ఈ షెల్టర్ కట్టింది ఎంపీ నిధులతో, అదే ఎంపీ ల్యాడ్స్ స్కీమ్ డబ్బుతో కదా, ఆ రూల్స్‌లో ఖర్చు, మొదలైన తేదీ, పూర్తయిన తేదీ, ఎంపీ పేరు అన్నీ ఫలకం మీద చెక్కాలని ఉందండీ. బతికున్నోళ్ల పేరు గానీ పోయినోళ్ల పేరు గానీ కట్టినదానికి పెట్టకూడదని కూడా వాటిలోనే ఉంది. అంటే షెల్టర్‌కి ఆయన పేరు పెడితే తప్పు, షెల్టర్ నుదుట మీ మీద చెక్కకపోతే తప్పు!

పైగా బస్సు మీ దగ్గర ఆగదు. మా తాత కాలం నుంచీ అటు వేపచెట్టు కిందే ఆగుద్ది, ఆడాళ్లు సంచులేసుకుని అక్కడే నిలబడతారు. మరి ఇంత డబ్బు పోసి ఇక్కడెందుకు కట్టారు బాబాయ్ అనడిగితే, "ఇక్కడైతే హైవే మీద పోయే కార్లకి రాయి కనపడుద్దిరా" అన్నాడు. ఇప్పుడు మీ నీడన మధ్యాహ్నం పూట మేకలుంటున్నాయి. ఈ నిధుల లెక్కలకి ఈమధ్య ఈ-సాక్షి అని పోర్టల్ పెట్టారంట, మా ఊళ్లో సాక్షులు మాత్రం ఆ మేకలే.

మీ పుట్టుక కూడా గమ్మత్తుగా ఉంటదండీ. 1993 ఏప్రిల్ 24న 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకొచ్చింది, ఊరి పనులు ఊరే చూసుకోవాలి, గ్రామసభ ఉండాలి అని. జూలైలో పీవీ గారి ప్రభుత్వం మీద అవిశ్వాసం పెడితే 265కి 251తో గట్టెక్కింది. డిసెంబర్ 23న అదే ప్రభుత్వం ఎంపీ ల్యాడ్స్ ప్రకటించింది, అప్పటికి పీవీ గారు మన నంద్యాల ఎంపీనే. వీటికి లింకు ఉందని నేననట్లేదు, తేదీలు చెప్తున్నా అంతే. మొదట్లో ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 లక్షలే, మరుసటి ఏడాదికి కోటి, తర్వాత 2 కోట్లు. 2005లో టీవీ వాళ్లు రహస్య కెమెరా పెడితే కొందరు ఎంపీలు ఈ పనులకి కమీషన్ మాట్లాడుకుంటూ దొరికారు, ఒక రాజ్యసభ సభ్యుడి పదవే పోయింది. 2007లో రెండో పరిపాలనా సంస్కరణల కమిషన్ ఈ స్కీమ్ ఎత్తేయండి బాబూ అని రాసింది. దాని ఫలితంగా 2011లో 2 కోట్లు కాస్తా 5 కోట్లయ్యాయి. 2010లో సుప్రీంకోర్టు కూడా స్కీమ్ చెల్లుద్దనే చెప్పింది, కాబట్టి కోర్టు పరంగా మీకేం భయం లేదు, హాయిగా ఉండండి.

ఎంపీ గారు సిఫార్సు మాత్రమే చేస్తారు, మంజూరు చేసేది జిల్లా అధికారులు అంటారు. సిఫార్సంటే ఏంటో మాకు తెలీదా అండీ, గేదె లోన్‌కి కూడా అదే కావాలి. ప్రభుత్వం పెట్టే ఖర్చుకి లెక్క అడుగుతాడని మేం ఢిల్లీ పంపించిన మనిషే ఇక్కడికొచ్చి కర్టెన్ తాడు లాగి కొబ్బరికాయ కొడితే, ఇక ఆ లెక్క అడిగేదెవరు?

మిమ్మల్ని పగలగొట్టమని అనట్లేదు, ఆ పని ప్రభుత్వం మారినప్పుడు కార్యకర్తలు ఎలాగూ చేస్తారు. నా విన్నపమల్లా మీ మీద ఆ పేర్లు కొన్ని తీసేసి, ఆ జాగాలో ఇంకో మూడు లైన్లు చెక్కించుకోండి. ఈ పని అడిగింది ఎవరు, ఏ తేదీ గ్రామసభలో. కాంట్రాక్టర్‌కి చివరికి ఇచ్చింది ఎంత. రేకు లేచిపోతే వేయించాల్సింది ఎవరు. మొదటి లైన్ నింపలేకపోతే అసలు పనే మొదలెట్టకూడదు, రూల్‌గా ఈ ఒక్కటి పెట్టినా చాలు, మీ చుట్టాలు సగంమంది ఇంకా క్వారీలోనే ఉండేవాళ్లు. గ్రామసభలో అడిగి ఉంటే మావాళ్లు షెల్టర్ అనేవాళ్లే కాదేమో, హైస్కూల్లో ఆడపిల్లల బాత్‌రూమ్‌కి తలుపు లేదని మూడేళ్లుగా చెప్తున్నారు. తలుపు మీద మీరు పట్టరు కదా, అదీ ఇబ్బంది.

ఉంటానండీ, బస్సొస్తోంది, చెట్టు దగ్గరికి పరిగెత్తాలి.

ఇట్లు,
మీ ఎదురుగా నిలబడి మిమ్మల్ని పూర్తిగా చదివిన ఒకే ఒక్కడు

తా.క. మొన్న ఎలక్షన్ కోడ్ అప్పుడు మీకు కప్పిన న్యూస్‌పేపర్లు చింపింది ప్రతిపక్షమని గొడవైంది చూడండి, వాళ్లు కాదండీ. మైదా జిగురు వాసనకి మేకలు నాకేశాయి, నేను చూశా.