ఆ తల్లికి అడ్రసు చెప్పేదెవరు?

మూడేళ్లు నిండినా పిల్లాడికి మాటలు రాలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. తిరిగే ఫ్యాన్‌ను గంటసేపైనా చూస్తూ కూర్చుంటాడు. వాళ్ల నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయిలే అంటుంది నాయనమ్మ. దిష్టి తీయించమని ఒకరు, తాయెత్తు కట్టించమని ఒకరు. ఫోన్ చేతికిచ్చి నువ్వే పాడుచేశావని ఇంకొకరు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో భర్త పనికోసం చెన్నైకో హైదరాబాద్‌కో వలస పోతే ఈ మాటలన్నీ పడేది ఇంట్లో మిగిలిన తల్లే. పిల్లాడిలో కనిపించేవి ఆటిజం సూచనలు కావచ్చు. ఆటిజం పెంపకంలో లోపం వల్ల రాదు. అది మెదడు ఎదుగుదలలో ఉండే తేడా. ఈ ఒక్క మాట ముందుగా ఆమెకు ఎవరైనా చెప్పాలి.

చెప్పాక ఎక్కడికి పంపాలి?

సేవలు అసలే లేవని మేము అనడం లేదు. ఉన్నవి తలోచోట ఉన్నాయి. పిల్లల ఎదుగుదలలో లోపాలను ముందే గుర్తించడానికి 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్యశాఖది. ఆ బృందాలు అంగన్‌వాడీలకు, బడులకు వచ్చి చూస్తాయి, అనుమానం ఉన్న పిల్లల్ని జిల్లా స్థాయి కేంద్రానికి పంపాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం పెట్టిన భవిత కేంద్రాలు విద్యాశాఖలో సమగ్ర శిక్ష కింద నడుస్తాయి. వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం పరీక్షకు స్లాట్ కోసం గ్రామ సచివాలయానికి వెళ్లాలి, పరీక్షకు ఆసుపత్రికి వెళ్లాలి. నిరామయ అనే ఆరోగ్య బీమా, కేంద్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిన నేషనల్ ట్రస్ట్‌ది. ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తించే ఆ బీమాలో థెరపీ ఖర్చూ ఉంది. అయినా ఆ పేరు విన్న కుటుంబాలు మన పల్లెల్లో ఎన్ని ఉంటాయి?

సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే పింఛనుకు అర్హత వస్తుంది. 2024 నుంచి అది నెలకు 6,000 రూపాయలు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కుగా ఇచ్చిందీ ఆ చట్టమే. 'మీవాడు కుదురుగా కూర్చోడు, తీసుకెళ్లిపోండి' అని బడిలో అంటే ఆ హక్కు గురించి తల్లిదండ్రులు గట్టిగా అడగాలి. అడగాలంటే ముందు తెలియాలి.

తెలియనిచోట డబ్బు పోతుంది. ఆటిజం పూర్తిగా తగ్గిస్తామంటూ బోర్డులు పెట్టేవాళ్లను మేము తీవ్రంగా తప్పుపడుతున్నాం. ఆటిజానికి స్టెమ్‌సెల్ చికిత్స తగదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. బిడ్డకు కావలసింది క్రమం తప్పని స్పీచ్ థెరపీ, రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ, ఇంట్లో ఓపికగా నేర్పే మనుషులు. వారానికి రెండు మూడుసార్లు జరగాల్సిన పని ఇది. శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం నుంచి విశాఖ 200 కిలోమీటర్లకు పైమాటే. కొత్త చోటు, బస్సు హారన్, జనం రద్దీ తట్టుకోలేని పిల్లాడితో ఆ ప్రయాణం ఎన్ని వారాలు సాగుతుంది? కూలి మానుకుని ఎన్నిసార్లు వెళ్లగలరు? అందుకే కొన్ని వారాలకే మానేసేవాళ్లు ఉంటారు. దానికి నిర్లక్ష్యం అని పేరు పెట్టడం అన్యాయం.

భవిత కేంద్రాల్లోనే వారంలో స్థిరమైన రోజున స్పీచ్ థెరపిస్టు ఉండేలా చూడాలి. పోస్టు భర్తీ అయ్యేదాకా ఆ కేంద్రం టీచరుకైనా, అంగన్‌వాడీ కార్యకర్తకైనా ఇంట్లో చేయించాల్సిన పనులు నేర్పించాలి. ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే కుటుంబాలున్నాయి. వాళ్ల పిల్లలకు ఇంటి భాషలోనే నేర్పించనివ్వండి.

పెద్దవాళ్లైన ఆటిజం బిడ్డల సంగతి ఇంకా మరుగున ఉంది. 18 నిండాక సంరక్షకులను నియమించే స్థానిక కమిటీకి అధ్యక్షులు కలెక్టరే. 'మా తర్వాత వీడిని ఎవరు చూస్తారు' అన్న టెన్షన్‌తో నిద్రపట్టని తల్లిదండ్రులకు ఆ కమిటీ ఉందని కూడా తెలియదు.

మేము అడుగుతున్నది పెద్ద ఖర్చు కాదు. వైద్యం, విద్య, సంక్షేమం మూడు శాఖలూ కూర్చుని ఒకే కాగితం తెలుగులో తయారు చేయాలి. ఏ వయసులో ఏ అనుమానానికి ఎక్కడికి వెళ్లాలి, ఏ రోజు ఎవరుంటారు, ఏ కాగితాలు తీసుకెళ్లాలి అన్నది అందులో ఉండాలి. ప్రతి అంగన్‌వాడీ గోడకూ, సచివాలయం గోడకూ దాన్ని అంటించాలి. జిల్లా ఆసుపత్రిలో ఒక మనిషికి ఇదే పని అప్పగించి ఫోన్ నంబరు ఇవ్వాలి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌కు పిల్లల్ని చంకనేసుకుని వచ్చే తల్లుల చేతికి ఈ రెండు జిల్లాల కలెక్టర్లూ ఆ కాగితం మొదటి ప్రతులు ఇవ్వవచ్చు.