స్వతంత్రంగా, ఎవరి సాయమూ లేకుండా

మా నెల్లూరు మెట్టకు వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళింకా రాలేదు గానీ, సామర్థ్యాధారిత విద్య మాత్రం వచ్చేసింది. సాక్ష్యం కూడా ఉంది. ఉదయగిరి వైపు ఒక బడిలో రిజిస్టరులో 'మార్కులు' అన్న మాట మీద తెల్ల కాగితం అంటించి 'సామర్థ్యాలు' అని రాశారు. ఎండకు బంక ఊడినప్పుడల్లా పాత మాట తొంగిచూస్తుంటుంది, అది వేరే సంగతి.

పద్ధతి మంచిదే, దాన్ని నేనేమీ అనను. పాఠం ఏ నెలలో అయిపోయిందన్నది కాదు, బిడ్డకు ఏం వచ్చిందన్నది లెక్క. వస్తే తర్వాతి మెట్టు, రాకపోతే ఇంకో దారిలో ఇంకోసారి. వచ్చిందని నోటితోనే చెప్పక్కర్లేదు. రాసి చూపొచ్చు, వేలితో చూపొచ్చు, కన్ను ఆర్పి చూపొచ్చు. తీవ్రమైన వైకల్యం ఉన్న పిల్లలకు ఇంతకంటే న్యాయమైన పద్ధతి నాకు తెలిసి లేదు. అందుకే కాబోలు, అది వాళ్ళ దాకా పోకుండా ఒక మాటను కాపలా పెట్టారు: 'స్వతంత్రంగా'.

మా అక్క కూతురు బుజ్జమ్మకు పదమూడేళ్ళు. సెరిబ్రల్ పాల్సీ, అంటే పసి మెదడుకు దెబ్బ తగిలి ఒళ్ళు స్వాధీనంలో ఉండదు. వయసును బట్టి ఏడో తరగతి. మాట రాదు గానీ ఒక అట్ట ఉంది, దాని మీద ఏ బొమ్మకు పిడికిలి ఆనిస్తే అదే ఆమె మాట. జిరాక్సు షాపులో లామినేషన్ చేయించిన ఆ అట్ట మీద 24 బొమ్మలు: నీళ్ళు, బాత్రూమ్, అమ్మ, నొప్పి, వద్దు, ఇంకా కావాలి, అరటిపండు, కారం దోసె. ఇడ్లీ బొమ్మ కూడా ఉంది పాపం, నెల్లూరు బిడ్డ కదా, పిడికిలి దాని వైపుకే పోదు.

మొన్న ఆమె సామర్థ్యాలు తేల్చడానికి ఒక సార్ వచ్చారు. ట్యాబ్‌లో నాలుగు బొమ్మలు చూపించి, "పాపా, వీటిల్లో పండు ఏది?" అన్నారు. బుజ్జమ్మ పిడికిలి మెల్లగా లేచి తన అట్ట మీది అరటిపండు వైపు బయల్దేరింది. సగం దారిలో సార్ అట్ట తీసేసి బీరువా మీద పెట్టారు.

"సాయం తీసుకోకూడదమ్మా. స్వతంత్రంగా చెయ్యాల."

"ఆ అట్ట ఉంటేనే మాట్లాడుద్ది సార్," అంది మా అక్క.

"నిబంధన," అన్నారు సార్.

బుజ్జమ్మ బీరువా వంక చూసింది. 'దృష్టి నిలపడం లేదు' అని నమోదైంది. చెయ్యి ఊపింది. 'ప్రశ్న అర్థం కాలేదు' అని నమోదైంది. నా అట్ట నాకివ్వండి అని చెప్పాలంటే ఆ అట్టే కావాలి. అది బీరువా మీదుంది. 'సాధించలేదు' అని ఎర్ర రంగులో వచ్చింది.

నాకు తోచక, అదే కొలబద్దతో సార్‌ను కొలిచాను. జీపు డ్రైవర్ నడిపాడు. సంచి అటెండర్ మోశాడు. ట్యాబ్ తెరిచారు, పాస్‌వర్డ్ గుర్తులేదు, ఆఫీసులో ఆపరేటర్‌కు ఫోన్ చేశారు. ఓటీపీ ఇంకెవరి ఫోన్‌కో వెళ్ళింది, వాళ్ళు భోజనంలో ఉన్నారు. సిగ్నల్ లేదు, టీచరమ్మ తన ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి కిటికీ ఊచల మధ్య పట్టుకుని నిలబడింది. అక్షరాలు కనపడలేదు, జేబులోంచి కళ్ళజోడు తీశారు. "ఇయ్యాల తారీఖెంత?" అని అటెండర్‌ను అడిగారు. నీళ్ళ బాటిల్ మూత బిగుసుకుపోతే అది కూడా అటెండరే తీశాడు. ఈ మొత్తం కార్యక్రమంలో సార్ స్వతంత్రంగా చేసింది ఒకే ఒక్క పని: అట్ట లాక్కోవడం. ఆ ఒక్క సామర్థ్యం మాత్రం పూర్తిగా సాధించారు.

చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేట్టు చూడాలని కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లెక్కన మూడో తరగతి బిడ్డ నిమిషానికి కనీసం 60 మాటలు చదవాలి. బుజ్జమ్మ పిడికిలి ఒక్క బొమ్మ దగ్గరికి చేరడానికే అర నిమిషం. ఆమెకూ అదే కొలతా అంటే, "అందరికీ ఒకటే ప్రమాణం, వివక్ష చూపకూడదు గదా" అన్నారు సార్. ఆహా.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్‌లో, మాట రాని వాళ్ళకు ప్రత్యామ్నాయ పద్ధతుల్లో మాట్లాడే వీలు ప్రోత్సహించాలని ఉంది. పాఠాల్లో, పరీక్షల్లో తగిన మార్పులు చేయాలనీ ఉంది. ప్రాథమిక తరగతుల్లో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ఆ పైన పదిహేనుమందికి ఒకరు చొప్పున స్పెషల్ టీచర్లుండాలని సుప్రీంకోర్టు 2021లోనే చెప్పింది. ఇలాంటి పిల్లలకు నేర్పే మా రిసోర్స్ టీచరమ్మ మాత్రం మండలమంతా ఒక్కతే, ఆర్టీసీ బస్సు ఎప్పుడొస్తే అప్పుడొస్తుంది.

ఆ టీచరమ్మ ఏం నేర్పిందో చెప్తాను. రెండేళ్ళ కిందట బుజ్జమ్మ రెండు రాత్రులు ఏడ్చింది. ఆకలనుకుని తినిపించారు, దిష్టనుకుని ఉప్పు తిప్పారు. మూడోరోజు చెవిలోంచి చీము కారింది. అప్పుడు పట్టుకుంది టీచరమ్మ, 'నొప్పి' బొమ్మ. అది నేర్పడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఈ ఏడు సంక్రాంతికి పన్ను నొప్పి వస్తే, బుజ్జమ్మ పిడికిలి ఆ బొమ్మ మీద రెండుసార్లు కొట్టి, చెంపకు ఆనించుకుంది. ఆ బిడ్డ జీవితంలో అంతకంటే పెద్ద చదువు ఏముంది? అది మీ ట్యాబ్‌లో లేదు. ఏడేళ్ళుగా బుజ్జమ్మ ఏం నేర్చుకోవాలో రాసే కాగితంలో ఉన్నది ఒకటే వాక్యం, 'అంకెలు 1 నుంచి 9 గుర్తించుట'. ఏటా జిరాక్సు తీస్తారు, ఏటా 'సాధించలేదు' అంటారు. ఒక్క మెట్టును చిన్న మెట్లుగా విడగొట్టే ఓపిక ఒక్కరికీ లేకపోయింది. ఏడేళ్ళు! సాధించనిది ఎవరయ్యా? పదమూడేళ్ళ బిడ్డ గొంతు తీసి బీరువా మీద పెట్టి, మాట రాదని రాసుకోవడానికి చేతులెలా వచ్చాయి?

ఉదయగిరి చెక్క గరిటెలు చేసే ఆయనొకరు ఆమెకు లావుపాటి పిడితో స్పూన్ చేసిచ్చాడు. దాంతో తనే తింటుంది, సగం గౌను మీద పోసుకుంటుంది. దాన్ని సార్ కంట పడకుండా అక్క కొంగులో దాచింది, అది కూడా సాయం కిందికే వస్తుందేమోనని.

చివరికి టీచరమ్మే బీరువా మీది అట్ట దించి ఇచ్చింది. బుజ్జమ్మ పిడికిలి ఎక్కడా తడబడకుండా ఒక బొమ్మ మీద పడింది. మళ్ళీ అదే బొమ్మ మీద. ఈసారి సార్ మొహంలోకి చూస్తూ.

"ఏమంటంది?" అన్నారు సార్, ఉత్సాహంగా.

"వద్దు అంటంది సార్," అంది అక్క. "మిమ్మల్నే."

సార్ ట్యాబ్‌లో పైకీ కిందికీ వెతికారు. తర్వాత స్వతంత్రంగా లేచి, డ్రైవర్ తలుపు తీసి పట్టుకుంటే జీపెక్కారు.